మేస్త్రి గారి పనిని నేను తనిఖీ చేసిన రోజు

మేస్త్రి గారు ఫోన్ చేసినప్పుడు నేను మంగళగిరిలో ఒక ఆఫీసు భవనం మేడ మీద నిలబడి, పిడుగు కడ్డీ నుంచి కిందికి దిగిన రాగి పట్టీ ఎక్కడైనా తెగిందేమోనని చూస్తున్నాను. ఆయనకు పలకరింపుల అలవాటు లేదు. నేరుగా విషయంలోకి వచ్చేస్తారు.

"అమ్మాయ్, మన కోల్డ్ స్టోరేజీ ఒకటుంది. కొత్త మిరపకాయ దిగకముందే మొత్తం తనిఖీ చెయ్యాలి. వచ్చి చూడు."

"అది మీరు వైరింగ్ చేసిందేగా బాబాయ్? దాని సంగతి మీకంటే ఎవరికి తెలుసు?"

"అందుకేగా నిన్ను పిలిచేది. నేనేసింది నేనే చూసుకుంటే అంతా బాగానే కనపడద్ది. తల్లికి పిల్ల నల్లగా కనపడద్దా? ఓనరు గారికి కూడా చెప్పా, బయట మనిషి చూడాలని. వస్తున్నావుగా?"

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక కాసేపు పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాను. నాకు నిచ్చెన ఎక్కడం నేర్పిన మనిషి పనికి నేను మార్కులు వెయ్యాలి. సంతోషంగానూ ఉంది, కాస్త బెరుగ్గానూ ఉంది.

ఆయన ఉండేది పాత గుంటూరులో. ఇరుగుపొరుగు వాళ్లు సాయిబు గారంటారు, పనిలో అందరూ మేస్త్రి గారంటారు, నేను మాత్రం మొదటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. గుంటూరు చుట్టుపక్కల ఎన్ని మిరప గోదాములకు, ఎన్ని పత్తి జిన్నింగ్ మిల్లులకు ఆయన చేతి వైరింగ్ ఉందో ఆయనకే లెక్క తెలియదు.

నేను ఆయన దగ్గరికి చేరింది కాంట్రాక్టరు ఆఫీసులో ఉద్యోగానికి వెళ్లి. మాది మిరప, పత్తి పండించే ఇల్లు. మా నాన్న బోరు దగ్గర స్టార్టరు బటన్‌ని ఎప్పుడూ ఎండు కర్రతో నొక్కేవాడు. చేత్తో నొక్కితే జిల్లుమనేది. ఊళ్లో అందరూ అలాగే చేసేవాళ్లు గనక, కర్రతో నొక్కడమే పద్ధతి అనుకుంటూ పెరిగాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివేటప్పుడు ఎర్తింగ్ గురించి పాఠం చెబుతుంటే, మా నాన్న అన్నేళ్లుగా ప్రాణాన్ని ఒక కర్రపుల్లకు అప్పగించి బతికాడని అర్థమైంది. ఆ సెలవుల్లోనే ఊరికి వెళ్లి ఎర్తు కడ్డీ పాతించాను. నాన్న చాలా రోజుల దాకా నమ్మక, కర్ర పక్కనే పెట్టుకుని, వేలితో ఒకసారి తాకి చూసి మురిసిపోయేవాడు.

కాంట్రాక్టరు ఆఫీసులో ఆడపిల్లనని నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కొటేషన్లు టైపు చేయించేవాళ్లు. ఒకరోజు మేస్త్రి గారు సామాను కోసం వచ్చి, నేను టైపు చేస్తున్న కాగితం మీదికి వంగి చూశారు.

"ఈ కేబులు సైజు నువ్వు రాశావా?"

"వాళ్లు రాసింది సరిపోదండీ. లోడు ఎక్కువ."

"నిచ్చెన ఎక్కుతావా?"

"ఎక్కుతానండీ."

"అయితే చున్నీ ముడేసుకుని రేపు పనికాడికి రా."

అంతే. ఎందుకు చెయ్యాలో నాకు పుస్తకం చెప్పింది, ఎలా చెయ్యాలో ఆయన చెప్పారు. ముందు కళ్లతో చూడు అనేవారు. రంగు మారిందా, కరిగిందా, వదులైందా. తర్వాత చెవితో విను, ఆ తర్వాత వాసన చూడు, మీటరు ఆఖర్న తియ్యి అనేవారు. లైను చచ్చిందని ఎవరు చెప్పినా నమ్మొద్దనేవారు. టెస్టరును ముందు బతికున్న లైను మీద పెట్టి వెలుగుతుందో లేదో చూడాలి, తర్వాత పని చెయ్యబోయే లైను మీద చూడాలి, మళ్లీ బతికున్న దాని మీద చూడాలి. మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉండొచ్చు కదా! మెయిన్ ఆపాక తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకునేవారు. "చెవి నీ దగ్గరుంటే ప్రాణం నీ దగ్గరున్నట్టే" అనేవారు.

ఆయన కింద కొన్నేళ్లు పని చేశాక, లైసెన్సింగ్ బోర్డు ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పి, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. లైను ఆగిందని ఎలా తేల్చుకుంటావని అక్కడ ఒక పెద్దాయన అడిగాడు. బతికున్న లైను, చచ్చిన లైను అంటూ మేస్త్రి గారి మాటల్లోనే చెప్పేశాను. ఆయన నవ్వి, "పుస్తకంలో ఇలా లేదే, ఎవరమ్మా నేర్పింది?" అన్నాడు. ఆ తర్వాత తనిఖీలు, పరీక్షలు ఎలా చెయ్యాలో విడిగా శిక్షణ తీసుకుని, ఇప్పుడు అదే వృత్తిగా పెట్టుకున్నాను. ప్రభుత్వం వాళ్ల తనిఖీ వేరు. ఏటా సీజను ముందు తమ జాగ్రత్త కోసం యజమానులు చేయించుకునే తనిఖీ మాది. మేస్త్రి గారికి ఉన్నది వైర్‌మన్ పర్మిట్టు. కాగితం మీద నేను ఆయన కంటే పైమెట్టు ఎక్కానని తెలిసిన రోజున, పనిచేసే వాళ్లందరికీ టీ ఇప్పించి, "మన దగ్గర నేర్చిన పిల్ల ఇంక మన పని మీదే సంతకం పెట్టుద్దిరా" అని చెప్పుకున్నారు.

అలా ఆ కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. గుంటూరు శివార్లలో, రోడ్డు మీద నుంచే ఘాటు తెలిసే చోట ఉంది. పాత సరుకు చాలా వరకు ఖాళీ అయింది. ఒక చాంబరులో మాత్రం టిక్కీలు, అంటే మిరప బస్తాలు, పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. యజమాని నడివయసు మనిషి, మర్యాదస్థుడు, కాకపోతే ప్రతి మాటా తొందరగా తేల్చేసుకోవాలనే రకం.

"మేడమ్, మధ్యాహ్నానికల్లా అయిపోద్దా అండీ?"

"చూడాల్సింది చూశాక అయిపోతుందండీ. కంప్రెసర్లు ఒకదాని తర్వాత ఒకటి ఆపాల్సి ఉంటుంది. చల్లదనం పోకుండా చూసుకుంటాం."

"మేస్త్రి గారు వేసిందేగా. ఊరికే చూసి సంతకం పెట్టేస్తారనుకున్నా."

మేస్త్రి గారు నాకంటే ముందే అందుకున్నారు. "ఊరికే సంతకం పెట్టే వాళ్లు వేరే ఉంటారండీ. ఈ అమ్మాయిని నేను అట్టా తయారు చెయ్యలా."

నేను శాలువా కప్పుకుని పని మొదలుపెట్టాను. మిరప గోదాములో మేస్త్రి గారి మూడో సూత్రం పనికిరాదు. ముక్కుకు కాలిన వాసన తెలిసే వీలే లేదు. పది అడుగులు వేస్తే తుమ్ములు. తుమ్ముతూ ప్యానెల్ తలుపు తెరవడం మంచిది కాదని, ముందు తుమ్ములన్నీ తుమ్మేసి, అప్పుడు తెరిచాను. యజమాని నన్ను చూసి నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు.

మెయిన్ ప్యానెల్ చక్కగా ఉంది. కేబుళ్లు వరసగా, ఒక్కోదానికి పేరు రాసి, బోల్టులన్నీ బిగువుగా ఉన్నాయి. ఆవరణలో ఎర్తు గుంతలు ఉండాల్సినట్టే తడిగా ఉన్నాయి. ఎర్తు విలువలు చూశాను, బాగున్నాయి. కంప్రెసర్ మోటార్లు కూడా అంతే. ఒక్కొక్కటీ చూస్తున్న కొద్దీ నాలో బెరుకు తగ్గి, పుట్టింటి వంట తింటున్నంత హాయిగా అనిపించింది. మేస్త్రి గారు బయట స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నారు. నా వెనక తిరగొద్దని నేనే చెప్పాను. నేర్పిన మనిషి భుజం పక్కనే ఉంటే నా కళ్లు నావి కావు, ఆయనవి అయిపోతాయి.

ఆఖర్న చాంబర్ల లైట్ల బోర్డు దగ్గరికొచ్చాను. అందులో ఒక స్విచ్చు ఉంటుంది. తడి చేత్తో ఎవరైనా లీకవుతున్న లైనును తాకి, వాళ్ల ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతుంటే, అది కనిపెట్టి రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఆర్‌సీసీబీ అంటాం. మనిషి ప్రాణానికి అది ఆఖరి కాపలా. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే టక్కుమని పడిపోవాలి, దాని కింద ఉన్న లైట్లన్నీ ఆరిపోవాలి.

నొక్కాను. టక్కుమని పడింది.

లైట్లు ఆరలేదు.

చాంబరు గుమ్మంలోంచి లోపలికి చూశాను. ఆ చివరి దాకా అన్నీ వెలుగుతున్నాయి. స్విచ్చు పైకెత్తి మళ్లీ నొక్కాను. మళ్లీ పడింది. లైట్లు అలాగే ఉన్నాయి. అంటే ఆ లైను ఈ కాపలా గుండా పోవడం లేదు. పక్కనుంచి దారి మళ్లించారు.

మెయిన్ ఆపి, తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, టెస్టరుతో మూడుసార్లూ చూసుకుని బోర్డు మూత విప్పాను. స్విచ్చు పైనుంచే రెండు వైరు ముక్కలు తీసి నేరుగా లైట్ల లైనుకు కలిపి ఉన్నాయి. అతుకుల మీద టేపు చుట్టి ఉంది. ఆ టేపు చివర చిన్నగా లోపలికి మడిచి ఉంది, మళ్లీ విప్పాల్సి వస్తే గోటికి అందేలాగా. అలా మడిచే మనిషి నాకు తెలిసి ఒక్కరే. నాకూ అలాగే మడవమని నేర్పారు.

నా పక్కనే ఉన్న యజమాని నా మొహం చూసి, "ఏమైందండీ?" అన్నాడు.

"ఈ లైట్లకు షాక్ నుంచి రక్షణ లేదండీ. దాన్ని తప్పించి నేరుగా కలిపారు. ఇది సరి చేసేదాకా చాంబర్లలో ఈ లైట్లు వెయ్యకూడదు. ఇప్పుడే తీసేస్తున్నాను."

"ఎవరు చేశారండీ ఈ పని?"

అబద్ధం చెప్పలేను, పేరు చెప్పలేను. "ఎవరు చేశారన్నది నా రిపోర్టులో ఉండదండీ. ఏముంది, ఎంత ప్రమాదం, ఏం చెయ్యాలి, అంతవరకే రాస్తాను" అన్నాను.

వెనక నుంచి మేస్త్రి గారి గొంతు వినిపించింది. లైట్లు ఆరిపోయేసరికి లోపలికి వచ్చినట్టున్నారు. "నేనేనండీ చేసింది."

యజమాని ఆయన వంక చూశాడు.

"కిందటి సీజన్లో ఇది ఊరికూరికే పడిపోతుంటే, లోపల చీకట్లో హమాలీ ముఠా వాళ్లు బస్తాలు దించలేక గోల పెడితే, ఆ రోజుకని కలిపా. సీజను తగ్గాక లీకు ఎక్కడుందో వెతుకుదామనుకున్నా. మర్చిపోయా."

యజమాని ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "ఎట్టాగోట్టా వెలిగించమని మీ పీకల మీద కూర్చుంది నేనేగా మేస్త్రి గారూ. రోడ్డు మీద లారీలు ఆగిపోయినయ్ ఆ రోజు."

"మీరు అడుగుతారండీ. చెయ్యకూడదని నాకు తెలియాలి."

నేను ఆ వైరు ముక్కలు తీసేశాను. రిపోర్టులో ఆ సంగతి మొట్టమొదట రాసి, ఇది వెంటనే సరి చెయ్యాల్సిందని పక్కన స్పష్టంగా పెట్టాను. సరుకున్న చాంబరులో పైన టిక్కీల వెనక ఉన్న లైన్లు చూడలేకపోయాను గనక, చూడలేదని కూడా రాశాను. నేను రాస్తున్నంత సేపూ మేస్త్రి గారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. సంతకం పెట్టి తలెత్తేసరికి ఆయన బండి వెళ్లిపోతున్న చప్పుడు వినిపించింది.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. నేను చేసింది తప్పు కాదని తెలుసు. అయినా ముందు ఆయన్ని పక్కకు పిలిచి చెప్పాల్సిందా అని ఆలోచించాను. కానీ అప్పుడు యజమాని అడిగిన ప్రశ్నకు నా దగ్గర వేరే జవాబు ఉండేదా? ఉండేది కాదు. మా నాన్నకు చెబితే ఆయన నింపాదిగా విని, "ఆయన నీకు నేర్పిందే నువ్వు చేశావు. మంచోడికి మండిద్ది గానీ కాలదులే" అన్నాడు.

మూడో రోజు పొద్దున్నే మా ఇంటి ముందు బండి ఆగింది. మేస్త్రి గారు చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నారు. కాఫీ ఇచ్చాను.

"అమ్మాయ్, నీ మీద కోపమనుకున్నావా?"

"అనుకున్నాను బాబాయ్."

"నీ మీద కాదమ్మా. ఆ లైట్ల కింద ముఠా వాళ్లు రోజూ తిరుగుతారు. ఒళ్లంతా చెమట. లోపల గోడలకు నీళ్లు కారతా ఉంటయ్. ఎవడో ఒకడు ఆ వైర్లు పోయే ఇనప గొట్టం పట్టుకుని ఉంటే? వాళ్లలో సగం మంది మా పేట వాళ్లే. రెండు రోజుల నుంచి నేను బజార్లోకి పోతే వాళ్ల మొహాలే చూస్తున్నా. అందరూ పలకరిస్తున్నారు నన్ను, ఏం మేస్త్రి గారూ బాగున్నారా అని." "నువ్వు ఆ బటను నొక్కావు చూడు, అది చాలు. లెగు. లీకు ఎక్కడుందో పట్టుకుందాం."

ఇద్దరం మళ్లీ వెళ్లాం. ఈసారి నేను రమ్మన్నాను గనక ఆయన నా పక్కనే ఉన్నారు. లైట్లన్నీ విప్పదీసి, ఒక్కో చాంబరు లైనును విడదీసి, మెగ్గర్ పెట్టి చూస్తూ పోయాను. వైరు మీది తొడుగు బాగుందో, ఎక్కడైనా కరెంటు బయటికి కారుతుందో చెప్పే మీటరు అది. ఒకటి బాగుంది, ఇంకొకటి బాగుంది. మూడో చాంబరు లైనులో మాత్రం అంకె కిందికి పడిపోయింది.

"గుమ్మం దగ్గర చూడు" అన్నారు మేస్త్రి గారు. "వేడి గాలి, చల్ల గాలి కలిసేది అక్కడే."

గుమ్మం పైన వైర్లు కలిసే జంక్షన్ బాక్సును ఆయనే నిచ్చెన ఎక్కి విప్పారు. మూత తియ్యగానే నీళ్లు ఆయన మోచేతి మీదుగా కారాయి. లోపల రాగి అంతా పాచిపట్టినట్టు పచ్చగా ఉంది. బయటి వేడి గాలి గొట్టంలోంచి లోపలికి వచ్చి, చల్లబడి, చుక్క చుక్కగా ఆ పెట్టెలో నిండుతోంది. పాపం ఆ స్విచ్చు కిందటి సీజన్లో పడిపోతూ చెప్పింది ఇదే. అందరూ దాన్ని తిట్టారు గానీ అది చెప్పేది వినలేదు.

"చూశావా, అది మంచిదే. మనమే దాని నోరు నొక్కాం" అన్నారు ఆయన కిందికి దిగుతూ.

తేమ చొరబడని పెట్టెలు తెప్పించి అన్ని గుమ్మాల దగ్గరా మార్చారు. వైర్లు కింది వైపు నుంచి లోపలికి వెళ్లేలా తిప్పారు. గొట్టం వేడి వైపు నుంచి చల్లటి వైపుకు దాటే చోట గాలి పోకుండా మూసేశారు. పని ఆయనే చేశారు, ఎవరి చేతా చేయించలేదు. అంతా అయ్యాక నేను మళ్లీ మొదటి నుంచీ పరీక్షలు చేశాను. బటన్ నొక్కే వంతు యజమానికి ఇచ్చాను. ఆయన భయంభయంగా నొక్కాడు. గోదాము మొత్తం చీకటైపోయింది.

చీకట్లోంచి మేస్త్రి గారు, "అబ్బ, ఎంత బాగుందో!" అన్నారు. ముగ్గురం నవ్వాం. నవ్వుతుంటే నాకు మళ్లీ తుమ్ములు మొదలయ్యాయి.

"మేడమ్, దీన్ని ఇంక నేనే నెలకోసారి నొక్కుతానండీ" అన్నాడు యజమాని. నొక్కుతున్నాడు కూడా. నొక్కిన ప్రతిసారీ మేస్త్రి గారికి ఫోన్ చేసి చెబుతాడట. ఆ సీజనంతా కాయ దిగింది, లారీలు వచ్చాయి, వెళ్లాయి, స్విచ్చు ఒక్కసారి కూడా ఊరికే పడలేదు. ముఠా వాళ్లకు ఈ కథేమీ తెలియదు. తెలియాల్సిన అవసరం రాకుండా చూడడమే మా పని.

ఆ తర్వాత కొన్నాళ్లకు మేస్త్రి గారు నిచ్చెన ఎక్కడం తగ్గించుకున్నారు. మోకాళ్లు సహకరించడం లేదు. నేనే వెళ్లి అడిగాను, నాతో తనిఖీలకు రమ్మని. సంతకం నాదే, బాధ్యత నాదే, కానీ రెండో జత కళ్లు కావాలని చెప్పాను. ఆయన వైరింగ్ చేసిన చోట్లకు మాత్రం ఆయన్ని తీసుకెళ్లను. ఆ షరతు ఆయనే పెట్టారు. మొదటి పని కుదిరినప్పుడు పిన్ని, అంటే ఆయన భార్య, నాకు కూడా కలిపి క్యారియర్ కట్టింది. "ఇంట్లో కూర్చుంటే ఫ్యాను రెగ్యులేటరు విప్పుతాడు, మిక్సీ విప్పుతాడు. తీసుకుపోమ్మా, నీకు పుణ్యముంటది" అంది.

ఇప్పుడు నెలలో చాలా రోజులు ఇద్దరం కలిసే తిరుగుతున్నాం. దాచేపల్లి వైపు బడులకూ కల్యాణ మండపాలకూ వెళ్తాం, ప్రకాశం వైపు జిన్నింగ్ మిల్లులకు వెళ్తాం. మిల్లులో ప్యానెళ్ల మీద మంచు కురిసినట్టు దూది పేరుకుని ఉంటుంది. ఆయన ఊదొద్దని చెబుతారు, నేను ఊదను, ముందు కరెంటు ఆపిస్తాను. నేను మీటరు చూస్తుంటే ఆయన అక్కడ పనిచేసే వాళ్లతో కబుర్లు పెట్టుకుని, ఏ మెషీను జిల్లుమంటుందో, ఏ ప్లగ్గు వేడెక్కుతుందో కనుక్కుని వస్తారు. అప్పుడప్పుడూ ఇద్దరికీ మాటా మాటా వస్తుంది. కేబులు చివర లగ్గు బిగించిన తీరు బాగుందని ఆయనంటారు, చాలదని నేనంటాను. కొలిచి చూస్తాం. ఒకసారి ఆయన గెలుస్తారు, ఒకసారి నేను.

నిన్న కనిగిరిలో ఒక ఆసుపత్రి పని ముగించుకుని వస్తున్నాం. జనరేటరు, ఆపరేషన్ గది లైన్లు అన్నీ సవ్యంగా ఉన్నాయి. రాయడానికి పెద్దగా ఏమీ లేని రోజు. అలాంటి రోజు మాకు పండగే. కారు నేనే నడుపుతున్నాను. రోడ్డుకు అటూ ఇటూ చేలల్లో పత్తి తీస్తున్నారు. మేస్త్రి గారు ఆ జనరేటరు గురించి ఏదో మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ మధ్యలోనే నిద్రలోకి జారుకున్నారు. నేను ఏసీ కొంచెం తగ్గించి, నెమ్మదిగా పోనిచ్చాను.